మరమ్మతు వెనకబడితేనే ముసలితనం

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభలో ఆయన జీవితకథ చెప్పుకోవడం ఆనవాయితీ. 1895లో భీమవరంలో పుట్టడం, సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోవడం, ఖద్దరు కట్టినందుకు మద్రాసు మెడికల్ కాలేజీలో ఆంగ్లేయ ప్రొఫెసరు కోపానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడటం, హార్వర్డులో ఏళ్ల తరబడి చాకిరీ, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారడం, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూయడం, ఇవేవీ ఈ సభకు కొత్త కావు. అందుకని ఆయన బతుకును పక్కన పెట్టి, ఆయన పని మనల్ని ఎంతవరకు తీసుకొచ్చిందో మాట్లాడతాను. అందుకు నేను ఎంచుకున్న విషయం వార్ధక్యం. ఆయన ముసలితనం చూడకుండానే పోయారు. అయినా ముసలితనం ఎలా వస్తుందని ఇవాళ ఎవరు వివరించబోయినా ఆయన చేసిన మూడు పనుల్లో ఏదో ఒకటి తగలకుండా ముందుకు పోలేరు.

మొదటిది ఏటీపీ. సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావుగారు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణం చేసే ప్రతి పనికీ శక్తి ఈ అణువు నుంచే వస్తుంది. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది కొద్దిపాటి ఏటీపీయే. దాన్నే తిప్పి తిప్పి వాడటం వల్ల ఒక్క రోజులో తయారై ఖర్చయ్యే మొత్తం ఇంచుమించు మన బరువుతో సమానమవుతుంది. ఆ తయారీ అత్యధికంగా జరిగే చోటు మైటోకాండ్రియా.

రెండోది ఫోలిక్ ఆమ్లం. 1945లో లెడర్లీ బృందం దాన్ని సంశ్లేషించింది. డీఎన్ఏలో థైమిన్ తయారవడానికి ఫోలేట్ కావాలి. ఆ తయారీని అడ్డుకునేలా ఆయన బృందమే చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గిందని 1948లో ప్రకటించాడు. క్యాన్సర్ మందుల చరిత్రలో అది తొలి మలుపుల్లో ఒకటి. మనందరికీ తెలిసిన మెథోట్రెక్సేట్ ఆ వంశానిదే.

మూడోది ఆరియోమైసిన్. ఆయన సారథ్యంలోని ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన తొలి టెట్రాసైక్లిన్ ఇది. యాంటీబయోటిక్‌కూ ముసలితనానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. దాని సంగతి మైటోకాండ్రియా దగ్గర చెబుతాను.

ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దెబ్బలు తగలడం వల్ల శరీరం ముసలిదవుతుందనుకోవడం సగం నిజం. దెబ్బలు తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతాయి. వాటి వెంటే మరమ్మతూ మొదలవుతుంది. మరమ్మతు దెబ్బల వేగాన్ని అందుకోలేక వెనకబడినప్పుడు కనిపించేదే ముసలితనం. ఆ వెనకబాటులో కేంద్రకంలోని డీఎన్ఏ, మైటోకాండ్రియా ఒకదాన్నొకటి కిందికి లాగుతాయి.

రోజూ పదివేల గాయాలు

డీఎన్ఏ చాలా నిలకడైన పదార్థమని 1960లలో చాలామంది నమ్మేవారు. తరతరాల సమాచారాన్ని మోసేది అంత సులువుగా పాడవుతుందని ఎవరనుకుంటారు? స్వీడన్ శాస్త్రవేత్త తోమస్ లిండాల్ ఆ నమ్మకాన్ని కొలతతో పరీక్షించాడు. ఒంటి వేడిలో, ఒంట్లో ఉండే నీటిలో డీఎన్ఏ తనంతట తానే ఎంత చెడుతుందో లెక్కగట్టాడు. విషాలు అక్కర్లేదు, రేడియేషన్ అక్కర్లేదు. ఉత్త నీళ్లే చాలు. ఒక్కో కణంలో రోజుకు దాదాపు పదివేల చోట్ల బేస్‌లు ఊడిపోతున్నాయని తేలింది. దీనికి తోడు సైటోసిన్ తన అమైన్ భాగాన్ని పోగొట్టుకుని, డీఎన్ఏలో ఉండకూడని యురాసిల్‌గా మారుతుంది. ఆక్సిజన్ తాకిడికి గ్వానిన్ రూపం మారుతుంది. అప్పుడప్పుడు ఒక పోగు తెగుతుంది, అరుదుగా రెండు పోగులూ ఒకేచోట తెగుతాయి.

ఇన్ని గాయాలతో మనిషి బతకడం అసాధ్యం. బతుకుతున్నాడంటే బాగుచేసే ఏర్పాటు లోపల ఉండి తీరాలని లిండాల్ వాదించాడు. వాదనతో ఆగకుండా వెతికాడు కూడా. యురాసిల్‌ను పట్టి కత్తిరించే ఎంజైమ్ 1974లో దొరికింది. ఆ తర్వాత ఒక్కో మరమ్మతు విధానం బయటపడుతూ వచ్చింది. చెడిన బేస్‌ను తీసి కొత్తది పెట్టే పద్ధతి ఒకటి, అతినీలలోహిత కిరణాల వల్ల వంకరపోయిన ముక్కనంతా కోసేసి నింపే పద్ధతి ఒకటి, నకలు తీసేటప్పుడు దొర్లిన తప్పులు దిద్దే పద్ధతి ఒకటి. ఈ కృషికి లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంకార్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

మన పల్లెల్లో చెరువు గట్టు సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. గట్టుకు ఎలక బొరియలు, పశువుల తొక్కిడి, వాన కోత ఏటా ఉండేవే. ఏటా మట్టి వేసి, తూములు చూసుకున్నంత కాలం వందల ఏళ్ల చెరువులు నిలిచాయి. మరమ్మతు మానేసిన ఊళ్లలో అదే వానకు గట్టు తెగింది. గండికి వానను నిందించి లాభం లేదు. ముసలితనం గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

మరమ్మతు పుట్టుకతోనే లోపిస్తే

దెబ్బ ముఖ్యమా, మరమ్మతు ముఖ్యమా అన్నది తేల్చడానికి ప్రకృతే కొన్ని కఠినమైన ప్రయోగాలు చేసింది. 1904లో ఒట్టో వెర్నర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన జబ్బు ఉంది. బాల్యం మామూలుగానే గడుస్తుంది. యుక్తవయసులో రావలసిన ఎదుగుదల రాదు. ఇరవైల్లో జుట్టు నెరుస్తుంది, ముప్పైల్లో కంటిశుక్లాలు, తర్వాత మధుమేహం, రక్తనాళాల జబ్బు, క్యాన్సర్ వరసగా వస్తాయి. 1996లో దాని జన్యువు దొరికింది. డీఎన్ఏ పోగులను విప్పి మరమ్మతుకూ నకలుకూ వీలు కల్పించే ఎంజైమ్ ఈ రోగుల్లో పనిచేయదు. వాళ్లకు మనకంటే ఎక్కువ ఎండ తగల్లేదు, ఎక్కువ విషం ఒంట్లోకి పోలేదు. బాగుచేసే పనిముట్టు ఒకటి లేదు, అంతే.

ఇంకా లోతైన పాఠం మరో రెండు జబ్బులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్న పిల్లలకు ఎండ తగిలితే చర్మ క్యాన్సర్లు పుట్టుకొస్తాయి. కొకేన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కూడా ఎండ పడదు. కానీ వాళ్లకు క్యాన్సర్లు రావు. వాళ్లు ఎదగరు, చెవుడు వస్తుంది, నరాలు క్షీణిస్తాయి, పసితనంలోనే వృద్ధుల రూపం వస్తుంది. రెండు జబ్బుల్లోనూ చెడింది ఒకే మరమ్మతు కుటుంబం. మొదటి జబ్బులో డీఎన్ఏ అంతటా సాగే మరమ్మతు దెబ్బతింటుంది. రెండో జబ్బులో కణం ఆ క్షణాన చదువుతున్న జన్యువుల మరమ్మతు ఆగిపోతుంది. జన్యువు చదవడం ఆగితే కణం పని మానేస్తుంది, లేదా చస్తుంది. తప్పును అలాగే ఉంచుకుని విభజన చెందితే క్యాన్సర్ దారి పడుతుంది. అందుకే క్యాన్సర్‌నూ ముసలితనాన్నీ విడదీసి చూడటం కష్టం. రెండూ బాగుపడని డీఎన్ఏ నుంచి చీలిన దారులే.

మామూలు మనుషుల కణాలు కూడా ఈ చౌరస్తా దగ్గరికి వస్తూనే ఉంటాయి. 1961లో ఫిలడెల్ఫియాలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలను గాజుపాత్రలో పెంచుతూ ఒక సంగతి గమనించారు. సుమారు 50 విభజనల తర్వాత అవి ఆగిపోయాయి. చావలేదు, విభజననే మానేశాయి. క్రోమోజోముల చివరలుండే టెలోమియర్లు విభజన విభజనకూ కురచై, చివరికి తెగిన డీఎన్ఏలాగే కణానికి కనిపిస్తాయని తర్వాత అర్థమైంది. అలా ఆగిన కణాలు ఊరికే కూర్చుంటే బాగుండేది. వాపును పెంచే పదార్థాలు స్రవిస్తూ ఇరుగుపొరుగు కణాలనూ పాడుచేస్తాయని జూడిత్ కంపిసి బృందం 2008లో చూపింది. 2011లో మేయో క్లినిక్ వాళ్లు, త్వరగా ముసలివయ్యేలా మార్చిన ఎలుకల్లో ఇలాంటి కణాలను ఏరివేస్తే కంటిశుక్లాలు, కండరాల క్షీణత ఆలస్యమయ్యాయి. దెబ్బ తిన్న కణం ఎక్కడుందన్నదానితో పాటు దాన్ని శరీరం తొలగించగలుగుతోందా అన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఎలుక, జిరాఫీ, మనిషి

2022లో ఇంగ్లండులోని సాంగర్ సంస్థ శాస్త్రవేత్తలు 16 రకాల క్షీరదాల పేగు కణాల్లో పోగైన ఉత్పరివర్తనాలను లెక్కపెట్టారు. ఎలుక కణంలో ఏడాదికి సుమారు 800, మనిషి కణంలో సుమారు 47. ఎలుక రెండు మూడేళ్లు, మనిషి ఎనభై ఏళ్లు. గుణించి చూస్తే ఆయువు తీరేనాటికి రెండింటి కణాల్లోనూ పోగైన మొత్తం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంది. ఒళ్లు పెద్దదా చిన్నదా అన్నది అంత ముఖ్యం కాలేదు. అరచేతిలో పట్టే నేకెడ్ మోల్ ర్యాట్‌కూ ఆకాశానికి మెడ చాచే జిరాఫీకీ ఏడాది లెక్క దగ్గరదగ్గరగా వచ్చింది. వాటి ఆయువులూ దగ్గరదగ్గరే.

ఉత్పరివర్తనాలే ముసలితనానికి కారణమని దీంతో రుజువైపోలేదు. అయితే ఎక్కువ కాలం బతికే జాతులు తమ డీఎన్ఏను ఎక్కువ జాగ్రత్తగా కాపాడుకుంటున్నాయని స్పష్టమైంది. మరి ప్రకృతి అందరికీ ఆ జాగ్రత్త ఎందుకివ్వలేదు? 1977లో టామ్ కర్క్‌వుడ్ దీనికి జవాబు చెప్పాడు. మరమ్మతుకు శక్తి ఖర్చవుతుంది. అడవిలో ఎలుకను ఏడాదిలోపే పామో గద్దో తినేస్తుంది. అలాంటి ప్రాణికి పదేళ్లు నిలిచే శరీరం దండగ. ఆ శక్తిని పిల్లలను కనడానికి వాడితే వంశం నిలుస్తుంది. కాబట్టి ప్రతి జాతికీ తన అవసరానికి సరిపడా మరమ్మతే దక్కింది. మనల్ని చంపడానికి లోపల ఏ గడియారమూ పెట్టలేదు. మనల్ని ఎల్లకాలం నిలపాల్సిన అవసరమే ప్రకృతికి రాలేదు.

మరమ్మతుకు ఖర్చయ్యే ఆ శక్తి ఎక్కడిది? ఇక్కడే మన కథ మైటోకాండ్రియా దగ్గరికి చేరుతుంది.

తల్లి ఇచ్చిన మరో డీఎన్ఏ

మైటోకాండ్రియా పూర్వం స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియా. మరో కణంలో చేరి, అక్కడే స్థిరపడిపోయాయి. ఈ వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ బలంగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఇవాళ అది పాఠ్యపుస్తకంలో ఉంది. వాటి పుట్టుక ఇప్పటికీ మందుల దగ్గర బయటపడుతుంది. టెట్రాసైక్లిన్లు బ్యాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపి, వాటి పెరుగుదలను అడ్డుకుంటాయి. మైటోకాండ్రియాలోని తయారీ యంత్రాంగం బ్యాక్టీరియాది పోలినదే కనుక దాన్నీ కొంత తాకుతాయి. డాక్టరు రాసిన కొద్దిరోజుల మోతాదులో మనకు ఇబ్బంది తెలియదు. మొండి క్షయకు నెలల తరబడి వాడే లినెజోలిడ్ విషయంలో మాత్రం తెలుస్తుంది. రక్తకణాలు తగ్గడం, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు మన ఛాతీ వైద్యులు తరచూ చూసేవే. వాటికి ఒక ముఖ్య కారణం మైటోకాండ్రియా దెబ్బతినడం. సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచి వచ్చిన ఆరియోమైసిన్, ఆయన కనుగొన్న ఏటీపీ తయారయ్యే చోటికి ఇలా చేరుతుంది.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. 16,569 జతల బేస్‌లతో, 37 జన్యువులతో ఉన్న చిన్న వలయం అది. 1981లో కేంబ్రిడ్జిలో దాని క్రమమంతా చదివారు. ఇది తల్లి నుంచే వస్తుంది. ఒక్కో కణంలో దీని నకళ్లు వందల నుంచి వేల దాకా ఉంటాయి. కేంద్రకంలో డీఎన్ఏను చుట్టి ఉంచే హిస్టోన్లు దీనికి లేవు. మరమ్మతు విధానాలూ తక్కువే. చెడిన బేస్‌ను మార్చే పద్ధతి ఉంది కానీ, వంకరపోయిన ముక్కను కోసి నింపే పద్ధతి లేదు. పైగా అది ఉన్నచోటే ఆక్సిజన్‌తో ఆహారం మండుతుంది.

ఆ మంటలోంచి తప్పించుకున్న రియాక్టివ్ ఆక్సిజన్ అణువులే ముసలితనానికి మూలమని డెన్హామ్ హార్మన్ 1956లో సూత్రీకరించాడు. 1972లో మైటోకాండ్రియాను దానికి కేంద్రంగా చూపాడు. వినగానే నమ్మబుద్ధేసే సిద్ధాంతం. ఊపిరే ఆయువు తీస్తుందన్న మాటలో ఒక వేదాంతం కూడా వినిపిస్తుంది. దాని నీడలోనే యాంటీ ఆక్సిడెంట్ల వ్యాపారం పెరిగింది. కానీ పరీక్షకు పెడితే జరిగింది వేరు. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద బీటా కెరోటిన్‌ను ఏళ్ల తరబడి పరీక్షించారు. 1994లో వచ్చిన ఫలితం ప్రకారం, అది తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. తర్వాతి పరిశీలనల్లోనూ బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు ఆయువు పెంచలేదు. పైగా తగ్గించే సూచనలు కనిపించాయి. ఆ రియాక్టివ్ అణువులు కణానికి సందేశాలు కూడా. కొద్దిపాటిగా ఉంటే మరమ్మతును నిద్రలేపుతాయి. వాటన్నిటినీ తుడిచేస్తే మంచి కంటే చెడే ఎక్కువ జరగవచ్చు.

హార్మన్ సిద్ధాంతం సడలినా మైటోకాండ్రియా కథలోంచి తప్పుకోలేదు. 2004లో స్వీడన్‌లో, 2005లో విస్కాన్సిన్‌లో రెండు బృందాలు ఒకేలాంటి ఎలుకలను తయారుచేశాయి. మైటోకాండ్రియా డీఎన్ఏను నకలు తీసే ఎంజైమ్‌లో తప్పు దిద్దే గుణాన్ని తీసేశారు. రెండేళ్లకు పైగా బతకాల్సిన స్వీడన్ ఎలుకల్లో సగం ఏడాది తిరక్కముందే చచ్చాయి. ఆరు నెలలు దాటగానే వాటికి జుట్టు ఊడింది, వీపు గూని పోయింది, ఎముకలు పలచబడ్డాయి, రక్తం తగ్గింది. విశేషమేమంటే విస్కాన్సిన్ ఎలుకల్లో ఆక్సిజన్ నష్టం పెరగలేదు. కణాలు తమను తాము చంపుకోవడం పెరిగింది. అయితే ఇక్కడా తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే చెడిన ఎలుకల్లో ఉత్పరివర్తనాలు మామూలు కంటే వందల రెట్లు ఉన్నా, అవి త్వరగా ముసలివి కాలేదు.

మనుషుల్లో ఎక్కువ హాని చేసేవి పెద్ద ముక్క పోయిన వలయాలేమో అనిపిస్తోంది. ఒక కణంలో అలాంటి వలయం ఒక్కటి పుట్టి, క్రమంగా సంఖ్య పెంచుకుని, మంచివాటిని మించిపోతే ఆ కణం శక్తి తయారీ కుంటుపడుతుంది. వృద్ధుల మెదడులో, పార్కిన్సన్ జబ్బులో దెబ్బతినే ప్రాంతంలోని నాడీకణాల్లో ఇలాంటి వలయాలు ఎక్కువగా కనిపిస్తాయని 2006లో రెండు బృందాలు చూపాయి. కండరాల్లోనూ అక్కడక్కడ ఒక పోగు పూర్తిగా చచ్చుబడి, పక్క పోగు ఆరోగ్యంగా ఉండటానికి కారణం ఇదే.

రెండు క్షీణతల ముడి

ఇంతవరకు రెండు కథలు విడివిడిగా చెప్పాను. అసలు విషయం వాటి ముడిలో ఉంది.

మైటోకాండ్రియాలో పనిచేసే వెయ్యికి పైగా ప్రోటీన్లలో దాని సొంత డీఎన్ఏ తయారుచేసేవి 13 మాత్రమే. మిగతావన్నీ కేంద్రకం నుంచి రావాలి. మైటోకాండ్రియా డీఎన్ఏను బాగుచేసే ఎంజైములూ అక్కడివే. కేంద్రకంలో గందరగోళం మొదలైతే మైటోకాండ్రియాకు సరఫరా దెబ్బతింటుంది. 2011లో బోస్టన్‌లోని డేనా ఫార్బర్ సంస్థలో ఎలుకల టెలోమియర్లు కురచైనప్పుడు ఏం జరుగుతుందో చూశారు. డీఎన్ఏ కాపలాదారు ప్రోటీన్ పి53 మేల్కొని కణ విభజనను ఆపడంతో సరిపెట్టుకోలేదు. కొత్త మైటోకాండ్రియా తయారీని నడిపించే పీజీసీ-1 ఆల్ఫాను కూడా అణచివేసింది. గుండె, కాలేయం శక్తిలేక నీరసించాయి. ఆ సంస్థ పేరులో ఉన్న ఫార్బరే సుబ్బారావుగారి మందును పిల్లలకిచ్చినవాడు.

ఇంకో దారి కూడా ఉంది. డీఎన్ఏ ఎక్కడ తెగినా పార్ప్-1 అనే ఎంజైమ్ పరిగెత్తుకొస్తుంది. తన పనికి అది ఎన్ఏడీ అనే అణువును ఖర్చుచేస్తుంది. ఆహారంలోని శక్తిని మైటోకాండ్రియాకు చేర్చేదీ ఎన్ఏడీయే. పాడైన మైటోకాండ్రియాను ఏరివేయించే సిర్టుయిన్లనే ఎంజైములకూ అదే కావాలి. గాయాలు ఎడతెగకుండా ఉంటే పార్ప్ దాన్ని తోడేస్తూ ఉంటుంది. మరమ్మతు లోపించిన జీరోడెర్మా కణాల్లో ఇదే జరిగి, పాత మైటోకాండ్రియా పోగుపడ్డాయని 2014లో అమెరికా వార్ధక్య పరిశోధన సంస్థలో విల్హెల్మ్ బోర్ బృందం చూపింది.

మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి వెనుదారి కూడా ఉంది. డీఎన్ఏ మరమ్మతులో చివరి అతుకు వేసే ఎంజైమ్ లైగేజ్. మన కణాల్లో ఆ అతుకు ఒక్కొక్కటీ ఏటీపీ ఖర్చుతోనే పడుతుంది. పాడైన మైటోకాండ్రియా నుంచి బయటికి కారిన డీఎన్ఏ ముక్కలను కణం సూక్ష్మజీవులుగా పొరబడి వాపును రేపుతుంది. ఆ వాపు మళ్లీ డీఎన్ఏను గాయపరుస్తుంది. ఇలా ఒక వలయం పూర్తవుతుంది. ఎక్కడ మొదలైందని అడిగితే ఒక్కో కణజాలంలో ఒక్కో జవాబు వస్తుంది. ఒకసారి మొదలయ్యాక రెండూ కలిసే నడుస్తాయి.

ఈ కథలో మనకు దగ్గరి అధ్యాయం హైదరాబాదులో రాసినది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మరో సుబ్బారావుగారు, ఆచార్య కల్లూరి సుబ్బారావు, ముసలి ఎలుకల మెదడు కణాల్లో మరమ్మతు ఎలా తగ్గుతుందో దశాబ్దాల పాటు పరిశీలించారు. నాడీకణాలు విభజన చెందవు. పుట్టినప్పుడు ఉన్నవాటితోనే చివరిదాకా నెట్టుకురావాలి. కాబట్టి అక్కడ మరమ్మతే దిక్కు. ముసలి నాడీకణాల సారం డీఎన్ఏలోని ఖాళీలను సరిగా పూడ్చలేకపోయింది. దానికి డీఎన్ఏ పాలిమరేజ్ బీటాను, లైగేజ్‌ను చేర్చితే మళ్లీ పూడ్చగలిగింది. 2005లో ఆయన బృందం ప్రకటించిన ఈ ఫలితం నా మాటకు గట్టి ఆధారం. గాజుగొట్టంలోనే కావచ్చు, ముసలి కణంలో పోయింది మరమ్మతు సత్తువేనని, తగిన పనిముట్లు అందితే అది తిరిగి వస్తుందని ఆ ప్రయోగం చూపింది.

మందు ఎక్కడుంది?

ఇక్కడ మీరడిగే ప్రశ్న నాకు తెలుసు. దీనికి మందేమిటి? ఎన్ఏడీ పెంచే మాత్రలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ డ్రిప్పులు పట్టణాల క్లినిక్కుల్లో ఎక్కిస్తున్నారు. ఎన్ఏడీ విషయంలో ఎలుకల ఫలితాలు ఆశ రేపుతున్నాయి. కానీ అవి మనుషుల ఆయువును పెంచుతాయని చూపిన పరీక్ష ఒక్కటీ లేదు. ఒకే మాత్రతో ఈ వలయం తెగుతుందని చెప్పేవారి మాట నమ్మకండి. బీటా కెరోటిన్ కథ విన్నాక కూడా డబ్బు పెట్టి కొనడం మీ ఇష్టం.

ఖర్చులేనివి కొన్ని రుజువయ్యాయి. 1967లో జాన్ హోలోజీ ఎలుకలను రోజూ పరిగెత్తించి చూస్తే కండరంలో మైటోకాండ్రియా సామర్థ్యం ఇంచుమించు రెట్టింపయింది. 2017లో మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం పన్నెండు వారాల పాటు ఆగి ఆగి తీవ్రంగా చేసే వ్యాయామం నేర్పింది. యువకుల కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం 49 శాతం, వృద్ధుల్లో 69 శాతం పెరిగింది. ముసలి కణం వినికిడి కోల్పోలేదు. పిలిస్తే పలుకుతోంది. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా పరుగులు పెట్టకండి. నడక చాలు, రోజూ నడవండి.

పొగాకు సంగతి మరింత స్పష్టం. రోజుకొక ప్యాకెట్ సిగరెట్లు ఏడాది పాటు కాలిస్తే ఊపిరితిత్తుల్లోని ఒక్కో కణంలో సగటున 150 ఉత్పరివర్తనాలు పడతాయని 2016లో లెక్కతేలింది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట అంగిలి క్యాన్సర్‌కు ఎలా దారితీస్తుందో అక్కడి వైద్యులకు ఏనాటి నుంచో తెలుసు. ఇక్కడ ఆశ కూడా ఉంది. మానేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో, పెద్దగా దెబ్బతినని కణాలు క్రమంగా పాతవాటి చోటు ఆక్రమిస్తున్నాయి. ఇంకా కాలుస్తున్నవాళ్లతో పోలిస్తే అలాంటి కణాలు నాలుగు రెట్లు ఉన్నాయని 2020లో తేలింది. మానడానికి ఆలస్యమైందన్న మాట ఎవరూ అనకూడదు.

ఫోలేట్ సంగతీ మరువకూడదు. అది లోపిస్తే కణం డీఎన్ఏలో థైమిన్ చోట యురాసిల్‌ను పెడుతుంది. దాన్ని తీసేయబోయి మరమ్మతు ఎంజైములే పోగులను తెంచుతాయి. ఆకుకూర, పప్పు ఉన్న కంచానికి ఇంత లోతైన పని ఉంది. సుబ్బారావుగారి సోదరులను మింగిన స్ప్రూలో కొరవడేవాటిలో ఫోలేట్ ఒకటి.

చివరగా వైద్యులకూ విద్యార్థులకూ రెండు మాటలు. లుకేమియా నుంచి బయటపడ్డ పిల్లలు ఇవాళ పెద్దవాళ్లయ్యారు. డీఎన్ఏను దెబ్బతీసే మందులు, రేడియేషన్ పొందినవారిలో గుండె జబ్బు, నీరసం తోటివారి కంటే ముందే వస్తున్నాయి. జబ్బు నయమైందని ఫైలు మూసేయకుండా వాళ్లను జీవితాంతం చూసుకునే ఏర్పాటు ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఉండాలి. 2011 జనగణన నాటికే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వారి సంఖ్య పెరుగుతూనే ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల విభాగం, అందులో కండరబలం, జ్ఞాపకశక్తి పరీక్షించే మనిషి ఉండాలి. ఆ పనికి కొత్త ఆవిష్కరణేదీ అక్కర్లేదు.

కొత్తవి కనుక్కోవలసిన విద్యార్థులకు చెప్పేది ఇది. సుబ్బారావుగారి తొలి పెద్ద పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. 1925లో ఫిస్కేతో కలిసి రూపొందించిన ఆ పద్ధతి రంగు ముదురును బట్టి కొలుస్తుంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే ఏటీపీ ఆయనకు దొరికింది. మన మనుషుల్లో, మన తిండితో, మన ఎండలో, మన పొలాల మందుల నడుమ కణాల మరమ్మతు ఏ వయసులో ఎంత తగ్గుతోందో కొలిచే పని ఇంకా చాలావరకు మిగిలే ఉంది. ఆ కొలతను మీలో ఎవరైనా మొదలుపెట్టండి. ఈ స్మారకోపన్యాసానికి అంతకంటే ఫలితం వేరే అక్కర్లేదు.